గ్లాసు చైనాది, మొహర్ సున్నత్‌ది

గోడ మీద ఆయాతె షిఫా ఫ్రేము. దాని పక్కనే ఇంకో పటం: ఒంటి నిండా గీతలూ చుక్కలూ ఉన్న మనిషి బొమ్మ, చుక్క చుక్కకీ చైనా అక్షరాలు. బల్ల మీద పిస్తోలులాంటి పంపు, ప్లాస్టిక్ కప్పులు. కప్పుల డబ్బా మీద 'మేడ్ ఇన్ చైనా'. బయట బ్యానర్ మీద మాత్రం ఆకుపచ్చ అక్షరాల్లో 'సున్నత్ ఇలాజ్'. కింద జాబితా: షుగర్, బీపీ, థైరాయిడ్, కీళ్ల దర్ద్, బేఔలాదీ, జాదూ, నజర్, కేన్సర్. అన్నిటికీ ఒకటే దవా.

పాతబస్తీలో చూశాను, కర్నూలులో చూశాను, గుంటూరులో చూశాను. ఎక్కడైనా ఇదే సజావట్. "ఈ చుక్కల పటం ఏ హదీస్‌లో ఉంది భాయ్?" అని అడిగితే సూటిగా జవాబు ఇచ్చినవాడు ఒక్కడూ లేడు. "ఇవన్నీ సున్నత్ పాయింట్లు సాబ్" అంటారు. రివాయత్‌లలో వచ్చిన జాగాలు కొన్నే: తల, మెడకు రెండు పక్కలా, భుజాల నడుమ, తుంటి, పాదం పైభాగం. లివర్ పాయింట్, కిడ్నీ పాయింట్, షుగర్ పాయింట్ అని కప్పులు పెడుతున్నారే, అవి మదీనా నుంచి రాలేదు. చైనా వాళ్ల మెరిడియన్ పటాన్ని చూసి, దానికి ఇంటర్నెట్ మసాలా కలిపి పెట్టుకున్నవి.

నా ఝగడా హిజామాతో కాదు, చైనా వాళ్ల ఇలాజ్‌తోనూ కాదు. ఈ మిలావట్‌తో. పాలలో నీళ్లు కలిపితే పాలవాడిని పట్టుకుంటాం. దీన్‌లో కలిపితే జజాకల్లాహ్ అని చెప్పి ఫీజు కట్టి వస్తున్నాం.

ముందు చైనా వాళ్ల హక్కు వాళ్లకిచ్చేద్దాం. కప్పు పెట్టి చర్మాన్ని లాగే పద్ధతి వాళ్ల దగ్గర నిన్నమొన్నటిది కాదు. హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌తుయ్‌లో 1973లో తవ్విన సమాధిలో పట్టుగుడ్డ మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. ఆ సమాధిని మూసింది క్రీస్తు పూర్వం 168లో. అందులో కొమ్ముతో లాగే ఇలాజ్ ప్రస్తావన ఉంది. కొమ్ము తర్వాత వెదురు గొట్టం, ఆ తర్వాత గాజు గ్లాసు వచ్చాయి. స్పిరిట్‌లో ముంచిన దూదిని వెలిగించి గ్లాసులో తిప్పి తీసేస్తారు, గ్లాసును వెంటనే వీపు మీద బోర్లిస్తారు. లోపలి గాలి చల్లారే కొద్దీ చర్మం ఉబ్బి గ్లాసులోకి వస్తుంది. దీన్ని బా గువాన్ అంటారు. గీరడం వేరే: నూనె రాసి, గేదె కొమ్ము పలకతోనో, పింగాణీ చెంచాతోనో, నాణెంతోనో ఎర్రటి చుక్కలు తేలేదాకా వీపును గీకుతారు. అది గువా షా. గువా అంటే గీకడం, షా అంటే ఆ తేలిన ఎర్రదనం. ఒంట్లో 'ఛీ' అనే శక్తీ నెత్తురూ ఒకచోట నిలిచిపోతే దర్ద్ వస్తుంది, ఇలా లాగి గీకితే కదులుతుంది అని వాళ్ల నజరియా. గాటు పెట్టి నెత్తురు తీసే కప్పింగ్ కూడా వాళ్ల దగ్గర ఉంది. అంటే మనం 'హిజామా' అంటున్న పని, దీన్‌తో ఏ తాల్లుఖూ లేకుండా, మన నబీ సల్లల్లాహు అలైహి వసల్లమ్ రాకముందు నుంచే లోకంలో ఉంది. అరబ్బుల్లోనూ ఇస్లాంకు ముందే ఉంది. యూనానీ హకీములు ఇలాజ్ బిత్ తద్‌బీర్ కింద దీన్ని చేర్చుకున్నారు. ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ 1929లో పారిస్ దవాఖానాలో జబ్బుతో పడి ఉన్నప్పుడు అక్కడి డాక్టర్లు తనకు గ్లాసులు పెట్టి, గాట్లు పెట్టి నెత్తురు తీశారని రాశాడు.

ఇండోనేసియాను చూడండి. ముసల్మానులు అందరికన్నా ఎక్కువ ఉన్న ముల్క్. అక్కడ జలుబు చేసి ఒళ్లు నలతగా ఉంటే 'లోపలికి గాలి దూరింది' అంటారు. బామ్ రాసి నాణెంతో వీపు గీకుతారు, కెరోకన్ అంటారు దాన్ని. చైనా గువా షాకు చుట్టమే. అమ్మలు పిల్లలకు చేస్తారు, బీబీలు షౌహర్లకు చేస్తారు. గీకించుకుని ఇషా నమాజ్‌కు వెళ్తారు. ఇంటి చిట్కాగానే ఉంచుకున్నారు, దీన్ మొహర్ కొట్టుకోలేదు. మనకెందుకు కొట్టుకోవాలనిపిస్తోంది?

కారోబార్ కోసం. ఇంకో జవాబు నాకు తోచడం లేదు. కప్పుకు ఇంత అని లెక్క. చాంద్ 17, 19, 21 తారీఖులు వస్తే క్యూ, టోకెన్లు, కొన్నిచోట్ల రేటు కూడా ఎక్కువ. ఇలాజ్ అని అమ్మితే జనం సవాళ్లు అడుగుతారు: ఎన్ని రోజుల్లో తగ్గుతుంది, తగ్గకపోతే ఏంటి, నువ్వు ఏం చదివావు? సున్నత్ అని అమ్మితే ఎవరూ అడగరు. అడిగినవాడే గుస్తాఖ్ అవుతాడు.

2016లో రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద గుండ్రటి మచ్చలు టీవీలో కనిపించాయి. వారం తిరక్కుండా ఆ ఫొటో మన వాట్సాప్ గ్రూపుల్లో 'సుబ్హానల్లాహ్, సైన్స్ ఒప్పుకుంది' అని తిరిగింది. బ్యానర్లకూ ఎక్కింది. ఆయన చేయించుకున్నది గాటు లేని ఉత్త కప్పింగ్. ఒక క్రీడాకారుడికి ఒక అలవాటు ఉంటే అది సైన్స్ కాదు, ఆయన కలిమా చదివి చేయించుకోనూ లేదు. మరి దేనికి సబూత్?

ఇక 'గందా ఖూన్' సంగతి. కప్పు తీయగానే నల్లగా, గడ్డ కట్టి, జెల్లీలా ఉన్న నెత్తురు చూపిస్తారు. "చూడండి అమ్మీ, ఎంత టాక్సిన్ ఉందో!" అమ్మీ భయపడిపోయి నెల నెలా వస్తానంటుంది. బయటికి వచ్చిన నెత్తురు ఎవరిదైనా గడ్డ కడుతుంది. కోడి కోసినప్పుడు చూడలేదా? చర్మం కింది సన్న నాళాల నెత్తురు, ప్రాణవాయువు తగ్గిన కొద్దీ ముదురు రంగులోనే ఉంటుంది. పదహారేళ్ల పహిల్వాన్‌కు తీసినా అలాగే కనిపిస్తుంది. గాటు లేని కప్పింగ్‌లో తేలే ఊదా రంగు మచ్చ అయితే సన్న నాళాలు చిట్లి చర్మం కింద ఇంకిన నెత్తురు, అంతే. ఎంత గట్టిగా లాగారు, ఎంతసేపు ఉంచారు అన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. చైనా వైద్యులు ఆ రంగు చూసి 'ఇక్కడ నెత్తురు నిలిచిపోయింది' అని చదువుతారు. మన వాళ్లు అదే రంగు చూసి 'ఇక్కడ జాదూ ఉంది' అని చదువుతున్నారు. చైనా నజరియాను కాపీ కొట్టి జిన్నాత్‌లను అతికించారన్నమాట.

ఆ టాక్సిన్ పేరేంటి అని అడగండి. ఏ ల్యాబ్‌లో, ఎంత ఉందని తేలింది? యూనానీ హకీములు మవాదె ఫాసిదా అన్నారు, అది వాళ్ల నజరియా, వాళ్ల అఖ్‌లాత్ లెక్కలో దానికో జాగా ఉంది. 'డీటాక్స్' మాత్రం బ్యూటీ పార్లర్ల ప్రకటనల భాష. అల్లాహ్ ఒంట్లోని మైల తీయడానికి జిగర్ ఇచ్చాడు, రెండు గుర్దాలు ఇచ్చాడు. గుర్దాలు పాడైతే వీపు మీద కప్పుతో పని జరిగేదైతే డయాలసిస్ సెంటర్ల ముందు మన వాళ్లు అన్ని గంటలు కూర్చోనక్కర్లేదు.

చైనా నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ తేవడం లేదు. నాలుగో శతాబ్దంలో గె హుంగ్ అనే చైనా వైద్యుడు అత్యవసర చికిత్సల పుస్తకం ఒకటి రాశాడు. కొమ్ముతో లాగే పద్ధతిని రాసినవాళ్లలో ఆయన్నీ చెబుతారు. అదే పుస్తకంలో జ్వరాలకు ఛింగ్‌హావ్ అనే మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని ఉంది. పదహారు వందల ఏళ్ల తర్వాత తూ యూయూ అనే శాస్త్రవేత్త మలేరియాకు మందు వెతుకుతూ ఆ వాక్యం దగ్గర ఆగింది. ఆగి ఏం చేసింది? 'మన బుజుర్గులు రాశారు, ఇక సవాల్ లేదు' అనలేదు. మరగబెట్టమనకుండా ఎందుకు పిండమన్నాడు అని ఆలోచించింది. వేడికి గుణం పోతోందేమో అని తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసింది. 1971లో ఎలుకల మీద, కోతుల మీద పరీక్షించింది. మనుషులకు ఇచ్చే ముందు తానూ తోటివాళ్లూ మింగి చూశారు. అలా వచ్చింది ఆర్టెమిసినిన్. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. గె హుంగ్ మీద ఆమెకు ఇజ్జత్ లేక పరీక్షించిందా? ఇజ్జత్ ఉంది కాబట్టే ఆ మాటను పరీక్షకు నిలబెట్టింది. అదే పుస్తకంలోని మిగతా నుస్ఖాలన్నీ నిజమని ఆమె చెప్పలేదు, ఒక్కటి నిలిచింది కాబట్టి అన్నీ నిలుస్తాయని లెక్క కూడా కట్టలేదు.

మరి కప్పింగ్‌ను పరీక్షకు పెడితే ఏం తేలింది? మెడ నొప్పి, నడుం నొప్పి లాంటి వాటికి కొన్నాళ్లు కాస్త ఆరామ్ ఇస్తుందని చాలా అధ్యయనాల్లో వచ్చింది. గువా షాకూ మెడ నొప్పి మీద చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి. కాకపోతే వాటిలో ఎక్కువ నాసిరకం అని సమీక్షించినవాళ్లే చెబుతున్నారు. ఒక ఇబ్బంది ఉంది: మాత్ర బదులు ఉత్త చక్కెర మాత్ర ఇచ్చి పోల్చవచ్చు, కప్పు పెట్టకుండా పెట్టినట్టు నమ్మించడం కష్టం. అయినా సరే, నొప్పికి కొంత ఆరామ్ అనే మాట నాకు ఒప్పుకోవాలనే ఉంది. షుగర్ నయమవుతుంది, కేన్సర్ పోతుంది, నాళాల బ్లాకులు కరుగుతాయి అన్న దావాలకు మాత్రం సబూత్ లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నబీ సాబ్ స్వయంగా హిజామా చేయించుకున్న రివాయత్‌లలో కారణం చెప్పిన కొన్ని చోట్ల చూస్తే: ఇహ్రామ్‌లో ఉండగా తలకు, అర్ధ తలనొప్పి వల్ల. పాదం పైన, నొప్పి వల్ల. తుంటికి, బెణుకు వల్ల. నొప్పి, నొప్పి, నొప్పి. థైరాయిడ్ బ్యానర్ కట్టినవాళ్లు ఈ హదీసులు చదవలేదా, చదివి దాచారా?

"17, 19, 21 తారీఖుల్లో చేయించుకుంటే ప్రతి మర్జ్‌కూ షిఫా అని అబూ దావూద్‌లో ఉంది కదా" అంటారు. ఉంది. హదీస్‌కు షరహ్ రాసిన ఉలమా దాన్ని 'నెత్తురు ఎక్కువై వచ్చే ప్రతి మర్జ్' అని విడమరిచి చెప్పారు. ఆ షరహ్ బ్యానర్ మీద పట్టదు. షిఫా మూడింటిలో ఉందన్న బుఖారీ హదీస్‌లో తేనె ఉంది, హిజామా గాటు ఉంది, నిప్పుతో వాత కూడా ఉంది. వాత వద్దని అక్కడే చెప్పారు. అంటే ఆ కాలపు అరబ్బుల ఇలాజ్‌లను ఎంచి, ఇది మేలు, ఇది వద్దు అని చెప్పిన మాట అది. ఇబ్నె ఖల్దూన్ తన ముఖద్దిమాలో ఈ సంగతిని నిక్కచ్చిగా రాశాడు: నబీ వచ్చింది షరీఅత్ నేర్పడానికి, తిబ్ నేర్పడానికి కాదు, హదీసుల్లోని వైద్యం అరబ్బుల ఆదత్‌లలోది అని. ఆయనతో ఒప్పుకోని ఉలమా ఉన్నారు. వాళ్లు ఉన్నారని తెలిసే చెబుతున్నాను. కానీ ఆ బహస్ ఉందన్న సంగతే మన క్యాంపుల్లో ఎవరూ చెప్పరు. సాద్ బిన్ అబీ వఖాస్ రజియల్లాహు అన్హు గుండె జబ్బుతో పడిపోతే నబీ సాబ్ ఎక్కడికి పంపారు? తాయిఫ్ హకీమ్ హారిస్ బిన్ కలదా దగ్గరికి. ఆ హకీమ్ ఇస్లాం కబూల్ చేశాడో లేదో అని ఉలమాలోనే షక్ ఉంది. పనికొచ్చింది అతని ఇల్మ్.

ఇంకో హదీస్ ప్రతి హిజామా సెంటర్ గోడ మీదా ఉండాలి, ఎక్కడా ఉండదు. అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా ముగ్గురూ తెచ్చారు: తిబ్ తెలిసినవాడని పేరు లేకుండా ఇలాజ్‌కు దిగినవాడు, జరిగిన నష్టానికి జామిన్. అంటే జిమ్మేదార్. పరిహారం కట్టాలి. మూడు రోజుల కోర్సు చేసి, లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ తగిలించుకుని, మన ఆడవాళ్ల వీపుల మీద బ్లేడు పెట్టే భాయీసాబ్‌లూ బాజీలూ ఈ హదీస్‌ను ఎన్నడైనా వినిపించారా?

మా ఫుప్పూకు పన్నెండేళ్లుగా షుగర్. ఒక సెంటర్‌లో, పేరు రాయను, "మూడు నెలలు హిజామా, ఇంగ్లీషు మాత్రలు బంద్" అన్నారు. ఆమె మాత్రలు బంద్ చేసింది. ఎవరికీ చెప్పలేదు, సున్నత్ కదా, చెబితే మేము షక్ చేస్తామని. రెండో నెలలో కాలి వేలికి పుండు. వాళ్లే దాని చుట్టూ కప్పులు పెట్టారు. దవాఖానాకు చేరేసరికి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు జానమాజ్ మీద నిలబడలేదు, కుర్చీలో కూర్చుని నమాజ్ చేస్తుంది. సెంటర్ వాళ్లను అడిగితే "యకీన్ తక్కువైంది" అన్నారు. ఫుప్పూకు యకీన్ తక్కువట! యకీన్ తప్ప ఇంకేమీ లేకపోవడం వల్లే కదా మాత్రలు ఆపింది.

నెత్తురు గురించి ఇంకొక మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. సగం కంటే ఎక్కువ మందికి ఒంట్లో నెత్తురే చాలదు. వాళ్లనే కూర్చోబెట్టి 'కమ్జోరీకి హిజామా' అని ఉన్నదాన్ని తీస్తున్నారు. హిమోగ్లోబిన్ ఎంత అని అడిగే సెంటర్లు ఎన్ని? గుండెకు స్టెంట్ వేయించుకుని నెత్తురు పలచబడే మాత్రలు వాడేవాళ్లను, హామిలా ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడుగుతున్నారా? అదే కప్పును డెట్టాల్ నీళ్లలో ముంచి ఇంకొకరికి పెడితే హెపటైటిస్ బి, సి వాళ్ల నుంచి వీళ్లకు రావడానికి ఒక గాటు చాలు.

చట్టం కూడా ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం షుగర్, కేన్సర్ లాంటి జబ్బుల్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే జుర్మ్. ఆ బ్యానర్‌లో ఆకుపచ్చ రంగు ఉందని చట్టం పక్కకు తప్పుకోదు.

"నువ్వు ఇస్లాం దుష్మన్‌ల జుబాన్ మాట్లాడుతున్నావు" అని రాసేవాళ్లు ఉంటారు, తెలుసు. ఆ దుష్మన్‌ల లెక్క కూడా చూద్దాం. మన వీపు మీద కప్పు కనిపిస్తే 'మూఢనమ్మకం, నెత్తురు తీసే జనం' అని నవ్వేవాళ్లే, మాల్‌లో పచ్చ రాయి పలక కొని మొహం మీద గువా షా చేసుకుంటున్నారు. అది బ్యూటీ, మనది జహాలత్. అమెరికాలో చైనా వాళ్లకూ ఇదే జరిగింది. 2001లో 'గువా షా' అనే చైనా సినిమా వచ్చింది: తాత ప్రేమతో మనవడి వీపు గీకుతాడు, ఆ మచ్చలు చూసి అమెరికా అధికారులు పిల్లాణ్ని హింసించారని కేసు పెడతారు. నాకు ఆ తాత మీద కోపం రాదు. ఒక ఖౌమ్ ఇంటి ఇలాజ్‌ను తెలుసుకోకుండా జుర్మ్ అనడం అన్యాయం. కానీ ఆ తాత కేన్సర్ పోగొడతానని బ్యానర్ కట్టలేదు, పిల్లాడి దవా ఆపమనలేదు.

మన ఆడవాళ్లు హిజామాకు ఎందుకు పోతున్నారో నాకు తెలుసు. డాక్టరు రెండు నిమిషాల్లో తల ఎత్తకుండా చీటీ రాస్తాడు. హిజామా బాజీ పరదా తీయించకుండా, మన జుబాన్‌లో, అరగంట మాట్లాడుతుంది. వీపు మీద చెయ్యేసి 'ఎక్కడ దర్ద్ అప్పీ' అని అడుగుతుంది. ఆ చెయ్యే సగం షిఫా, నేను కాదనను. అందుకే హిజామా బంద్ చేయమని అనడం లేదు. నడుం నొప్పికి చేయించుకోవాలనుంటే చార్మినార్ దగ్గర నిజామియా తిబ్బీ కాలేజీ దవాఖానా ఉంది, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యూనానీ కాలేజీ ఉంది, బీయూఎంఎస్ చదివిన హకీములు ఉన్నారు. బ్లేడు ప్యాకెట్ మీ కళ్ల ముందు చింపమనండి. కప్పు కొత్తదేనా, వాడాక ఎక్కడ పడేస్తారు అని అడగండి. హిమోగ్లోబిన్ చూడకుండా, మీరు వాడే దవాలు అడక్కుండా కప్పు తీస్తే లేచి వచ్చేయండి. మాత్రలు ఆపమన్న మాట నోటినుంచి వచ్చిందా, చెప్పులు వేసుకోండి.

మా గల్లీ మస్జిద్ గోడకు ఇప్పుడు ఒక క్యాంపు బ్యానర్ ఉంది. షుగర్, కేన్సర్, బేఔలాదీ అన్న మూడు మాటలు చెరిపేయమనీ, క్యాంపు వాళ్ల చదువేంటో రాతలో తీసుకోమనీ కమిటీ సదర్ సాబ్‌కు జుమ్మా తర్వాత దర్ఖాస్తు ఇచ్చాను. "మష్వరా చేసి చెబుతాం" అన్నారు. చాంద్ 17 వచ్చే మంగళవారం.